ట్రే చూడకుండా వేసిన మాత్ర

రొయ్యల చెరువులకు మేత లెక్క చెప్పడం నా పని. గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు, ఇరవై రెండు చెరువులు నా పుస్తకంలో ఉన్నాయి. చదివింది ఎనిమిదో తరగతి వరకే. శాతాలు మేత బస్తాల మీద రాసి ఉన్నవి చూసి నేర్చుకున్నాను. సగటు అంటే ఏమిటో వలలో పడిన వంద రొయ్యలను తూచి, వందతో భాగించి తెలుసుకున్నాను. నేను వేసిన లెక్కను పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఒకసారి చూసి తల ఊపుతారు. ఆ తల ఊపడం అంటే నాకు చాలా ఇష్టం. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా అక్కడే మొదలైంది.

మేతకు ఒక చార్టు ఉంటుంది. చెరువులో రొయ్య పిల్ల వదిలి ఎన్ని రోజులైంది, రొయ్య ఎన్ని గ్రాములుంది, చెరువులో ఎన్ని బతికి ఉన్నాయి, వాటినిబట్టి రోజుకు ఎన్ని కిలోలు వేయాలో చార్టు చెబుతుంది. చార్టు మంచిదే. కానీ దానికి ఆకాశంలో మబ్బు కనిపించదు. నీళ్లు చల్లబడ్డాయో, రొయ్యకు ఒంట్లో బాగోలేదో దానికి తెలియదు. అందుకని చెరువు గట్టు వెంబడి అక్కడక్కడా ట్రేలు దింపుతాం. గుండ్రటి చట్రం, అడుగున సన్నటి వల, పైన తాడు. మేత చల్లేటప్పుడు ఒక గుప్పెడు ట్రేలో కూడా వేసి నీళ్లలోకి వదులుతాం. రెండు గంటలకు పైకి లాగి చూస్తాం. ఖాళీ అయిపోతే తర్వాతి పూట కాస్త పెంచుతాం. మిగిలితే తగ్గిస్తాం. తినని మేత అడుగున కుళ్లిందంటే చెరువుకే ప్రమాదం.

ట్రే చూడకుండా గుప్పెడు మేత కూడా వెయ్యొద్దండి. ఈ మాట నా నోట రోజుకు నాలుగైదు సార్లయినా వస్తుంది. రైతులు నన్ను ఎగతాళి చేయాలనుకుంటే నా గొంతు పెట్టి ఈ మాటే అంటారు.

నా భార్యకు ఒకటిన్నర మాత్ర వేసిన రోజు నేను ట్రే చూడలేదు.

ఆమెకు సుగరు ఉందని తెలిసి అప్పటికి నాలుగేళ్లు. ఆమె లేసు అల్లుతుంది. ఒక కొక్కెపు సూది, ఒక దారం ఉండ, అంతే సరంజామా. వేలికి దారం చుట్టుకుని, టీవీ చూస్తూ, పక్కింటావిడతో మాట్లాడుతూ కుట్లు లెక్కపెట్టుకోగలదు. వరసకు ముప్పై రెండు కుట్లంటే ముప్పై రెండే ఉంటాయి. నా కంటే మంచి లెక్క మనిషి. కానీ సుగరు లెక్క మాత్రం నేను ఆమె చేతిలో ఉంచలేదు. డాక్టరు సుగరు చూసే మిషను కొనుక్కోమన్న రోజే గళ్ల పుస్తకం ఒకటి కొని, తేదీ, వేళ, అంకె, తిన్నది అని నాలుగు గళ్లు గీశాను. ప్రతి ఉదయం ఆరూ పదికి వేలు పొడిచేది నేనే. రాసేది నేనే. రెండు ఇడ్లీలకు ఎంత పెరుగుతుంది, గంట నడిస్తే ఎంత తగ్గుతుంది అని సొంతంగా ఒక సూత్రం కూడా కట్టాను. నా సూత్రం చెప్పిన అంకె, మిషను చెప్పిన అంకె దగ్గర దగ్గరగా వస్తే ఆ రోజు నాకు పండగ. రాకపోతే తప్పు సూత్రానిదని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"మధ్యలో ఏమైనా నోట్లో వేసుకున్నావా?" అని అడిగేవాణ్ణి.

"లేదండి."

"ఒక బిస్కెట్టయినా?"

"మీ రొయ్యల్ని కూడా ఇన్ని అడుగుతారేంటండీ?" అనేది. నవ్వుతూనే అనేది, మొదట్లో.

తర్వాత తర్వాత నవ్వడం మానేసి, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. పక్కింట్లో పుట్టినరోజు కేకు ఇచ్చారు, తినలేదు, పెట్టెలో ఉంది చూడండి. యాభై ఏళ్ల మనిషి చిన్నపిల్లలా అలా సంజాయిషీ చెప్పుకోవడం నాకు వింతగా అనిపించలేదు. వివరాలు బాగా ఇస్తోంది అనుకున్నాను.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమి సోమవారం నాడు వచ్చింది. రెండూ కలిస్తే మా ఇంట్లో ఉపవాసం గట్టిగా ఉంటుంది. మా ఆవిడ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. సాయంత్రం దీపాలు పెట్టి, చంద్రుణ్ణి చూసి, నైవేద్యం పెట్టాక గానీ తినదు.

నేను ఆ రోజు తెల్లవారకముందే చెరువుల మీదికి వెళ్లాను. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని ఒక రైతు ఫోన్ చేశాడు. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పించి, కాస్త కుదుటపడ్డాక బయల్దేరుతుంటే ఆయన అడిగాడు.

"ఏమండీ, ఇవాళ చార్టు ప్రకారం వేసేద్దామాండి?"

"వద్దండి. పౌర్ణమి కదా, పెంకు విడుస్తాయి. తినే ఓపిక ఉండదు వాటికి. సగమే వేసి ట్రే చూడండి."

"ఆయ్, అలాగేనండి. అయితే వాటిక్కూడా ఉపవాసమేనన్నమాట."

ఇద్దరం నవ్వుకున్నాం. తిననివాళ్లకు మేత తగ్గించాలని పొద్దున్నే ఒకరికి చెప్పి, ఆ నోటితోనే ఇంటికి వెళ్లాను.

ఇల్లు చేరేసరికి ఏడూ నలభై. ఆరూ పది దాటి గంటన్నర. నాలుగేళ్లలో అంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు. ఆమె తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వంటింట్లో కింద కూర్చుని చలిమిడి కోసం బెల్లం దంచుతోంది. నేను కాళ్లు కూడా కడుక్కోకుండా మిషను తెచ్చి ముందు కూర్చున్నాను.

"వేలు ఇలా ఇవ్వు."

"ఉండండి, చెయ్యి కడుక్కొస్తాను."

"ఇప్పటికే లేటయింది. తుడిచేస్తాలే."

స్పిరిట్ సీసా అయిపోయి రెండు రోజులైంది. నా భుజం మీది తువ్వాలు కొసతో ఆమె వేలు తుడిచి పొడిచాను. మిషను అయిదు అంకెలు వెనక్కి లెక్కపెట్టి, మూడు వందల పన్నెండు చూపించింది.

అంత అంకె మా పుస్తకంలో లేదు. వెనక పేజీలు గబగబా తిరగేశాను. ఆమె గురించి భయంతో అని చెప్పుకోవచ్చు గానీ, నిజం రాయాలంటే, నా నాలుగేళ్ల పుస్తకం పాడైపోయిందనే బాధ అందులో ఎక్కువ.

"ఏం తిన్నావు?"

"ఏం తినలేదండి. ఉపవాసం కదా."

"మిషను ఊరికే చూపిస్తుందా?"

ఆమె చేతిలో రోకలి పక్కన పెట్టింది. "నైవేద్యం పెట్టకుండా నేను నోట్లో వేసుకుంటానా?"

వేసుకోదు. ఆ సంగతి నాకు తెలుసు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో దేవుడికి పెట్టబోయే వంటలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆమె రుచి చూడలేదు. పులిహోర ఒక్కోసారి చప్పగా ఉండేది అందుకే. ఇరవై ఏడేళ్లు కళ్లారా చూసినది ఒకవైపు, అయిదు సెకన్ల కింద చూసిన అంకె ఒకవైపు. నేను అంకెనే నమ్మాను.

"మరి ఈ మూడొందల పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చింది? గోదాట్లో కొట్టుకొచ్చిందా?"

 ఆమె మళ్లీ రోకలి అందుకుంది.

"తిన్నానులెండి. ఒక ముక్క తిన్నాను. రాసుకోండి."

రాసుకున్నాను. నాలుగో గడిలో, నా అందమైన చేతిరాతతో: బెల్లం తిన్నది. ఒప్పుకుంది.

రోజూ ఉదయం టిఫినుకు ముందు వేసుకోవలసిన మాత్ర ఒకటి ఉంది. ఆ రోజు ఒకటి కాకుండా ఇంకో మాత్ర విరిచి, ఒకటిన్నర ఆమె అరచేతిలో పెట్టాను.

"ఏమీ తినకుండా వేసుకోవచ్చాండీ? డాక్టరమ్మ ఏదో చెప్పింది అప్పట్లో."

"ఉపవాసం అన్నానికి. మాత్రకి కాదు. నీళ్లతో వేసుకో."

వేసుకుంది. సాయంత్రానికి నూట ముప్పైకి దిగుతుందని పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో తీసివేత కూడా వేసి పెట్టుకున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకు ఇద్దరం పంటు ఎక్కాం. మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ కలిపి నరసాపురం రేవుకు దాటించే పెద్ద పడవ అది. లేసు ఏజెంటుకు బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి ఆ రోజే ఇవ్వాలి. ఆఖరి వరస మిగిలితే పంటు మీదే పూర్తిచేస్తానని ఆమె ఒక పక్క బల్ల మీద కూర్చుని అల్లుతోంది. ఉదయం నుంచి మా మధ్య మాటల్లేవు. నేను ఎదురుగా బండి పట్టుకుని నిలబడ్డాను.

ఆమె ముప్పై రెండు దాకా లెక్కపెట్టి ఆగింది. మళ్లీ విప్పింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి విప్పుతుంటే దారం ఉండ ఒళ్లోంచి దొర్లి కింద పడింది. తీసుకోలేదు. నేను వంగి తీసి ఇచ్చినా అందుకోలేదు. నా వైపు చూసిందిగానీ కళ్లు నా మీద నిలవలేదు. ముఖమంతా చెమట. నదిమీద గాలి చల్లగా వీస్తోంది. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒకటే: తప్పు చేసి దొరికిపోయింది, అందుకే మొహం చూపించలేకపోతోంది.

పక్కన చేపల తట్ట దించుకుని కూర్చున్న ఒకావిడ ఆమెనే చూస్తోంది. మార్కెట్లో అమ్మడం అయిపోయి, మళ్లీ ఏదో పనిమీద దాటుతున్నట్టుంది. ఖాళీ తట్ట. అరవై ఏళ్లుంటాయి.

"ఏంటయ్యా, మీ ఆవిడికి ఒళ్లంతా చెమటలు పడతన్నాయి. కనపడట్లేదా?"

"ఉపవాసం అండి. నీరసం."

"సుగరుందా?"

"ఉందండి."

ఆవిడ ఇంకో మాట అడగకుండా, అటుపక్క నిలబడ్డ ఒక కుర్రాడి చేతిలోని కూల్‌డ్రింకు సీసా లాక్కుంది. మా ఆవిడ తలను తన భుజానికి ఆనించుకుని సీసా నోటికి పెట్టబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఇక్కడ నేను ఏమీ తగ్గించి రాయదలచుకోలేదు. నేను ఆ సీసాకు చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దండి, తీపి పట్టకండి. పొద్దున్నే మూడొందల పన్నెండు ఉంది. ఉపవాసం అని చెప్పి దొంగతనంగా బెల్లం తింది."

ఇంజను చప్పుడులో వినపడదేమోనని గట్టిగానే చెప్పాను. నలభై మందికి పైగా ఉన్నారు. అందరూ ఇటు తిరిగారు.

చేపలావిడ నా చేతిని తోసేసింది. "నీ మూడొందలు తగలెయ్యా. మా ఆయన్ని ఇలాగే చూశాను నేను. సుగరు ఎక్కువైతే ఇలా చెమట పట్టదయ్యా, పడిపోతే పడద్ది. తియ్యి చెయ్యి. అమ్మా, గుటకెయ్యి. ఆఁ, ఇంకోటి. నన్ను చూడు, అటు కాదు, నన్ను చూడు."

ఆమె ఇంకా గుటక వేయగలుగుతోంది. అదే అదృష్టం. కొంచెం కొంచెంగా సగం సీసా దిగింది. రేవు చేరేసరికి కళ్లు తెరిచి, "ముప్పై రెండు" అంది. ఆవిడే ఆటోను పిలిచి, తట్ట రేవులోనే వదిలేసి మాతో ఆసుపత్రికి వచ్చింది.

ఆసుపత్రిలో ముందు ఆమె వేలిని దూదితో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పొడిచారు. అంత కూల్‌డ్రింకు తాగాక కూడా యాభై రెండు. గ్లూకోజు ఎక్కించారు. ఆ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది, మళ్లీ పడిపోవచ్చు, రేపటి దాకా ఇక్కడే ఉంచాలి అన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరు మా అమ్మాయి వయసుది.

"ఉపవాసం అని తెలిసీ ఎందుకు వేశారండీ మాత్ర?"

నేను పుస్తకం తీసి చూపించాను. "పొద్దున్న మూడొందల పన్నెండు మేడం. దొంగతిండి తింటుందండి."

నా భార్యకు అప్పటికి తెలివి వచ్చింది. కళ్లు మూసుకునే ఉంది గానీ వింటోందని నాకు తెలుసు. కనురెప్పలు కదిలాయి.

డాక్టరు పుస్తకం అటూ ఇటూ తిప్పింది. నేను అలవాటు కొద్దీ తల ఊపుతుందేమోనని చూశాను.

"చాలా శ్రద్ధగా రాశారు. ఈ మాత్ర ఏం చేస్తుందో తెలుసా అండీ?"

"సుగరు తగ్గిస్తుందండి."

"అది నేరుగా తగ్గించదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. బీటా కణాలు. ఆ కణాల చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, అంతే. ఒంట్లో చక్కెర ఉందా లేదా అని మాత్ర చూడదు. చూడటం కణం పని. ఆ పని మాత్ర దాటవేస్తుంది." మందుల చీటీ వెనక ఒక సున్నా గీసి, దాని చుట్టూ చిన్న చిన్న తలుపులు గీసింది. గీస్తూ గీస్తూ, "పొద్దున్న చూసేముందు చెయ్యి సబ్బుతో కడుక్కున్నారా ఆవిడ?" అని అడిగింది.

"తుడిచామండి," అన్నాను.

మర్నాడు ఉదయం మరదలు వచ్చి ఆసుపత్రిలో కూర్చుంటే, బట్టలు తేవడానికి నేను ఇంటికి వచ్చాను. వంటింట్లో రోలు అలాగే ఉంది. దంచిన బెల్లం గిన్నెలో ఉంది. నేను మిషను తెచ్చుకుని రోలు పక్కన కూర్చున్నాను. నాకు సుగరు లేదు. ఆరు నెలలకోసారి చూపించుకుంటాను. చూపుడు వేలితో బెల్లం పొడి తాకి, అదే తువ్వాలు కొసతో తుడుచుకుని, పొడుచుకున్నాను. రెండు వందల తొంభై ఒకటి. లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, మళ్లీ పొడుచుకున్నాను. తొంభై ఎనిమిది.

ఉండండి, చెయ్యి కడుక్కొస్తాను అన్న మాట అప్పుడు వినపడింది. ముందురోజు చెవిలో పడి ఉంటుంది, కానీ విన్నది ఆ ఉదయమే.

ఆ పొద్దున ఆమె అసలు అంకె ఎంతో నాకు ఎప్పటికీ తెలియదు. నూట పది కావచ్చు, నూట నలభై కావచ్చు. పుస్తకంలో ఆ గడికి జవాబు లేదు.

తర్వాతి రోజుల్లో ఆ చీటీ వెనక బొమ్మ పెట్టుకుని, ఫోన్‌లో దొరికినది చదువుతూ, అర్థంకాని ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసుకుని మందుల షాపు ఫార్మసిస్టును అడుగుతూ, ఆ కణం ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాను. నాకు అర్థమైనంత వరకు అది ఇలా ఉంటుంది.

కడుపు వెనక క్లోమం ఉంటుంది. అందులో మన గోదావరి మధ్య లంకల్లా విడివిడిగా చిన్న చిన్న కణాల గుంపులు లక్షల్లో ఉంటాయి. బీటా కణాలు ఉండేది వాటిలోనే. రక్తంలో చక్కెర ఎంత ఉంటే అంతకు తగ్గట్టు ఆ కణంలోకి చక్కెర వస్తూ ఉంటుంది. వచ్చిన చక్కెరను కణం మండించుకుంటుంది. ఎంత మండితే లోపల అంత శక్తి తయారవుతుంది. ఆ కణం గోడకు చిన్న తూములున్నాయి. మామూలు వేళల్లో అవి తెరిచి ఉండి, వాటి గుండా పొటాషియం బయటికి కారుతూ ఉంటుంది. లోపల శక్తి పెరిగితే ఆ తూములు మూసుకుంటాయి. అవి మూసుకుంటే గోడకు అటూ ఇటూ ఉన్న విద్యుత్తు తేడా మారుతుంది. ఆ మార్పుకు వేరే తూములు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం రాగానే, గోడ పక్కనే సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ పొట్లాలు గోడకు అతుక్కుని బయటికి విచ్చుకుంటాయి. మొదట నిమిషాల్లో ఒక్కసారిగా ఆ సిద్ధంగా ఉన్నవి, తర్వాత వెనక నుంచి వచ్చేవి మెల్లగా. చక్కెర తగ్గితే మంట తగ్గుతుంది, తూములు మళ్లీ తెరుచుకుంటాయి, విడుదల నెమ్మదిస్తుంది. అన్నం లోపలికి దిగుతోందని పేగులు కూడా ముందుగా కబురు పంపుతాయట. ఆ కబురు కూడా రక్తంలో చక్కెర పెరిగి ఉంటేనే గట్టిగా చెల్లుతుందట.

ఇది చదివిన మధ్యాహ్నం నేను చెరువు గట్టు మీద ఉన్నాను. ట్రే పైకి లాగి, మిగిలిన మేత వేలితో కదిపి, మళ్లీ నీళ్లలోకి వదిలాను. ఆ కణానికి చార్టు లేదు. పొద్దున్న అంకె ఎంత అని అది గుర్తుపెట్టుకోదు, సాయంత్రానికి ఎంతకు దిగాలి అని తీసివేత వేయదు. ఇప్పుడు ఎంత ఉంది అన్నది రుచి చూస్తుంది, దాన్నిబట్టి వదులుతుంది. సుగరు జబ్బులో జరిగేది, ఏళ్ల తరబడి ఒళ్లు ఎక్కువ ఇన్సులిన్ అడిగీ అడిగీ ఆ కణాలు కొన్ని పోవడం, మిగిలినవి అలిసిపోవడం. ఆ మిగిలినవాటి చేత పని చేయించడానికే ఆ మాత్ర. అది నేరుగా వెళ్లి పొటాషియం తూములను మూసేస్తుంది. చక్కెర వచ్చిందేమో అనుకుని కణం ఇన్సులిన్ వదులుతుంది. అన్నం తిన్నవాళ్లకు అది సాయం. ఉదయం నుంచి నీళ్లు తప్ప ఏమీ ముట్టనివాళ్లకు ప్రమాదం, అందులోనూ ఒకటికి ఒకటిన్నర వేస్తే. ఆమె కణాలు పాడైపోయి పంటు మీద ఆమె పడిపోలేదు. ఇంకా మాట వింటున్నాయి కాబట్టే పడిపోయింది.

ఇంత తెలుసుకున్నానుగానీ ఆమెకు చెప్పలేదు. మాత్ర సంగతి డాక్టరే చెప్పింది, మందు మార్చింది, ఉపవాసాలకు ఏం చేయాలో ఆమెకే విడిగా చెప్పింది. నేను చెప్పనిది బెల్లం సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఇంటిపనులు మామూలుగానే చేసుకుంటోంది. నేను వేలు అడగలేదు, ఆమె ఇవ్వలేదు. మిషను ఆమె గదిలోకి వెళ్లిపోయింది. ఏడో రోజున చెప్పాలనుకున్నాను. పదో రోజున అనుకున్నాను. అన్నం పెట్టేటప్పుడు మొదలుపెట్టి, పప్పులో ఉప్పు సరిపోయింది అని ముగించాను. ఆమె ఒప్పుకుంది కదా, నేను కాదు కదా అన్నది, అని నాకు నేను ఒక సాకు కూడా తయారుచేసుకున్నాను. ఆ సాకు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

నలభై మూడో రోజున మళ్లీ ఇద్దరం పంటు ఎక్కాం. ఆమె లేసు పట్టుకుని అదే పక్క కూర్చుంది. పంటు కదలబోతుండగా చేపలావిడ తట్టతో ఎక్కింది. నేను చూడనట్టు నదివైపు తిరిగాను. ఇన్నాళ్లూ ఆవిడ ఎక్కే వేళలు తప్పించి దాటుతున్నాను. ఆ రోజు లెక్క తప్పింది.

"ఏమ్మా, ఎలాగుంది ఒంట్లో?"

"బాగుందండి. మీ పుణ్యం."

"నాదేముందిలే. ఏమయ్యా లెక్కలాయనా, ఇవాళెంత? మూడొందలా, నాలుగొందలా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ రోజు ఉన్నవాళ్లు కూడా కొందరు ఉన్నారు. ఆవిడ నవ్వలేదు.

"నాకో మాట సెప్పు. ఆవేళ ఈవిడ బెల్లం తిందా, తినలేదా? అడుగుదామని ఉంది అప్పట్నుంచీ. ఉపవాసం నాడు నైవేద్యం బెల్లం తినే మొహమా ఇది?"

నా భార్య తల ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది.

"తినలేదండి," అన్నాను.

"ఏంటీ?"

"తినలేదండి."

"ఆవేళ పంటంతా వినపడేలా అన్నావు గదా. ఇయాళ నోట్లో నోట్లో గొణుగుతావేంటి?"

అప్పుడు చెప్పాను. ఇంజను చప్పుడు మీద వినపడేలా చెప్పాను. ఆమె బెల్లం దంచుతోందని, చెయ్యి కడుక్కొస్తానంటే నేనే కడుక్కోనివ్వలేదని, చేతికి అంటిన బెల్లమే ఆ అంకెలో ఉందని, మర్నాడు నా వేలితోనే చూసుకున్నానని, ఆమె ఏమీ తినలేదని, నేను సతాయిస్తే భరించలేక తిన్నానని అందని. మాత్ర ఎక్కువ వేసింది నేనని. ఒక ముసలాయన "ఇన్ని రోజులేం చేశావయ్యా?" అన్నాడు. 

చేపలావిడ తట్ట సర్దుకుంది. "ఇదిగో, ఇంత పెద్ద లెక్క తెలిసినోడివి. సెయ్యి కడుక్కోవాలని తెలీలేదు," అని అటు తిరిగి కూర్చుంది.

రేవు దిగి బండి తీస్తుంటే నా భార్య లేసు సంచిలో పెట్టుకుంటూ అంది:

"నేను తినలేదని నాకు తెలుసు కదండీ. మీకు తెలిసినా చెప్తారో లేదో అని చూస్తున్నాను."

"నాకు తెలుసని నీకు తెలుసా?"

"నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మిషనులో రెండు అంకెలు ఎక్కువున్నాయి. ఒకటి రెండొందల తొంభై ఒకటి, ఒకటి తొంభై ఎనిమిది. అవి నావి కాదు కదా, నేను ఆసుపత్రిలో ఉన్నాను. మీ తువ్వాలుకి బెల్లం మరకలున్నాయి. ఉతికింది నేనే." సంచి భుజానికి వేసుకుంది. "పదండి, ఏజెంటు వెళ్లిపోతుంది."

నలభై మూడు రోజులు నేను దాచాననుకున్నది ఆమె చేతిలోనే ఉంది. మిషనులో పాత అంకెలు నిలిచి ఉంటాయని ఆమెకు నేర్పింది నేనే.

ఆ సాయంత్రం పుస్తకం తీశాను. నా పుస్తకాల్లో కొట్టివేతలు ఉండవు. తప్పు అంకెను అలాగే ఉంచి పక్కన సరైనది రాస్తాను, ఎవరైనా అడిగితే రెండూ కనపడాలి కాబట్టి. ఒప్పుకుంది అన్న మాట పక్కన, ఉన్న కొద్దిపాటి చోటులో, తినలేదు, చెయ్యి నేను కడగనివ్వలేదు, అసలు అంకె తెలియదు అని రాశాను. ఆమె ముందు పెట్టాను. చదివింది.  పుస్తకం మూసి నాకు తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు వేలు ఆమే పొడుచుకుంటుంది. సబ్బుతో కడుక్కునే చప్పుడు నాకు గదిలోంచి వినపడుతుంది. కొన్ని రోజులు బయటికి వచ్చి అంకె చెబుతుంది, కొన్ని రోజులు చెప్పదు. చెప్పినరోజు రాస్తాను. చెప్పనిరోజు తేదీ మాత్రం వేసి గడి ఖాళీగా వదులుతాను. నిన్న నూట ముప్పై నాలుగు అంది. ఈ రోజు నీళ్ల చప్పుడు వినపడింది, మిషను కూత వినపడింది, ఆమె బయటికి వచ్చి లేసు తీసుకుని కూర్చుంది. నేను అడగలేదు.